వడపోత కాగితం తాగిన రంగు

ప్రొద్దుటూరు,
11 ఆగస్టు 2024

మెహబూబ్ ఫుప్పూకు సలాం.

గొంతు ఆపరేషన్ తర్వాత ఫోన్‌లో నీ మాట గాలి పోతున్న సైకిల్ ట్యూబులా వినిపిస్తోందని అబ్బా చెప్పాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మెసేజ్ పెడదామంటే నీది బొత్తాముల ఫోను, ఆ బొత్తాములు కూడా అరిగిపోయాయి. పైగా ముప్పై ఒక్క ఏళ్ళు జమ్మలమడుగులో పిల్లలకు ఫిజికల్ సైన్సు చెప్పిన మేనత్తకు నా సంగతులు చెప్పాలంటే రెండు పేజీలైనా కావాలి.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం మొదలైంది. మా క్లాసులో ఇరవై ఇద్దరం. అందులో ఇరవై మంది గురించి రాస్తే సిరా దండగ. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని, ప్రయోగం చేయకముందే ఫలితం రాసేసే రకం. ఇక అపర్ణ అనే అమ్మాయి ఉంది. పరీక్షనాళికల బొమ్మలకు రంగు పెన్సిళ్ళతో నీడలు కూడా వేస్తుంది. బ్యూరెట్టుకు పైన ఏదో కింద ఏదో ఆ పిల్లకు తెలుసా అని నా అనుమానం. క్లాసులో మొదటి మార్కు మాత్రం దానిదే.

డాక్టర్ ఫణికుమార్ సార్ తన ప్రాజెక్టులోకి నన్ను తీసుకున్నారు. కోస్తా వాళ్ళు బత్తాయి అనే మన చీనీకాయల తొక్కలు కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గుతో అద్దకం నీళ్ళలోని రంగు తీసేయాలి. తొక్కలను నీ చెల్లెలి కొడుకు మొయిన్ భాయ్ పంపిస్తున్నాడు. పులివెందుల బస్టాండు దగ్గర అతని రసం అంగడిలో పిండి పారేసినవన్నీ గోతాంలో నింపి బస్సులో వేస్తాడు. మొన్న గోతాం కారి సీటు తడిసింది. కండక్టరు అందరి ముందూ "ఏందమ్మా ఈ కంపు, కుళ్ళిన తొక్కలతో ఏం చేస్తాండావు?" అని అరిచాడు. పరిశోధన అని చెప్పాను. బస్సంతా నవ్వింది. వాళ్ళకు తెలిసిన శాస్త్రం టికెట్టు చింపడం వరకే.

నా రోజు ఎలా గడుస్తుందో విను. పొద్దున అమ్మీకి వంటలో సాయం, తొమ్మిదిన్నర నుంచి క్లాసులు, రెండు నుంచి ఆరు వరకు ల్యాబు, ఆ తర్వాత అబ్బా అంగడిలో మగ్గం ముందు కూర్చోవడం. పెళ్ళికూతుళ్ళ జాకెట్లకు పూసలు కుడుతూ, ఎదురుగా గోడకు అంటించుకున్న క్వాంటం నోట్సు చదువుతాను. నిన్న ఒకామె జాకెట్టు మడత విప్పి చూసుకుని, "నెమలికి కన్నేది మా? గుడ్డి నెమలిని కుట్టినావే" అంది. కన్ను కుట్టాల్సిన చోట నేను ఒక సమీకరణంలో ఇరుక్కుని ఉన్నాను.

మొదటి ఫలితం వచ్చింది ఫుప్పూ. నూటికి తొంభై ఆరు పాళ్ళ రంగు పోయింది! సార్ చూసి "దున్నేసినావు పాపా" అన్నారు.

నీ మేనకోడలు
ఆర్షియా


జమ్మలమడుగు,
18 ఆగస్టు 2024

ఆర్షియాకు దువా.

ఉత్తరం అందింది. మొత్తం చదివాను. నువ్వెంత గొప్పదానివో ప్రతి పేరాలో ఉంది. "ఎందుకు" అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

చీనీ తొక్క బొగ్గు! అరటి తొక్క కాల్చారు, వేరుశనగ పొట్టు కాల్చారు, కొబ్బరి చిప్ప, చింతగింజ, ఎండిన వేపాకు అన్నీ కాల్చారు. మీ సార్లకు ఇంక కాల్చడానికి మిగిలింది వాళ్ళ డిగ్రీలే. ఇదివరకే పదిమంది నడిచిన దారిలో చీనీ తోట ఒకటి ఎదురైతే దాన్ని కొత్త దేశం అనుకుంటున్నావు.

పోనీ, నడువు. కానీ ఆ తొంభై ఆరు నాకు నచ్చలేదు. బొగ్గు కలిపిన రంగునీళ్ళను దేంతో వడకట్టావు? వడపోత కాగితంతోనే కదా. బొగ్గు వేయని రంగునీళ్ళను అదే కాగితంలో పోసి, కాగితం ఒక్కటే ఎంత రంగు తాగుతుందో చూశావా? చూసి ఉండవు. చూడమని నీకెవరూ చెప్పి ఉండరు. దున్నేవాడికి అంత ఓపిక ఎక్కడిది?

ఇక్కడ అంతా కులాసా. ఎదురింటి రమణమ్మ నా ముందే పక్కావిడతో, "టీచరమ్మకు గొంతు పోయినాంక వీధి శానా సల్లగుంది" అంటోంది. నేను ఆమె కొడుకు చేత ఎక్కాలు అప్పజెప్పించిన గొంతు అది. పలకమీద సుద్దతో "నీ కొడుక్కి పదమూడో ఎక్కం ఇప్పటికీ రాదు" అని రాసి చూపించాను.

ఇంకో మాట. తెల్లవారి లేచింది మొదలు నువ్వు చెప్పిన ఆ రోజు లెక్క చూస్తే, నీకు నెమలి కన్నే కాదు నీ కళ్ళు కూడా మిగిలేట్టు లేవు. మీ అబ్బాకు వేరే చీటీ రాస్తున్నాను.

మెహబూబున్నీసా


ప్రొద్దుటూరు,
2 సెప్టెంబరు 2024

ఫుప్పూకు,

సలాం చెప్పడానికి కూడా మనసు రావడం లేదు, అయినా చెబుతున్నాను.

నీ చీటీ అబ్బాకు అందింది. "పిల్ల అరిగిపోతోంది. రెండు పనుల్లో ఒకటి మానిపించు" అని రాశావట. మానిపించాడు. సాయంత్రం ల్యాబు మానిపించాడు! "ఐదు దాటినాంక కాలేజీలో ఉండొద్దు. మీ ఫుప్పూ సదువుకున్న మనిషి, ఆమే రాసింది" అని నీ చీటీ నా ముందు ఊపాడు. రెండు నుంచి ఐదు వరకు ఏం ప్రయోగం అవుతుంది? బొగ్గు కడిగి ఆరబెట్టేసరికే గంట పోతుంది. అదే టైములో సెమిస్టర్ ల్యాబు కూడా ఉంటుంది. క్వాంటం ఇంటర్నల్‌లో ఇరవైకి ఆరు వచ్చాయి. క్లాసు ఎగ్గొట్టి ల్యాబుకు పోతే హాజరు పోతుంది, ల్యాబు ఎగ్గొడితే ప్రాజెక్టు పోతుంది, అంగడి ఎగ్గొడితే అబ్బా మొహం మాడిపోతుంది. ఇంతవరకు ఎలాగో నెట్టుకొచ్చాను. ఒక్క చీటీతో మొత్తం కూల్చావు.

నాకు తెలుసులే. నీకు ఎమ్మెస్సీ చేసే యోగం లేదు. రెండు పరీక్షనాళికలు, ఒక స్పిరిట్ దీపం, దాంతోనే నీ శాస్త్రం ముగిసింది. ఇక్కడ మాకు రంగు కొలిచే కలరీమీటరు ఉంది, అబ్బా వయసుదే అయినా పనిచేస్తుంది. వడపోత కాగితం గురించి ఎనిమిదో తరగతి పిల్లలను అడుగు, నన్ను కాదు.

పులివెందులలో నవంబరులో సెమినారు ఉంది. సార్ మా ఫలితం అప్పుడే పంపించేశారు. నేనే చదవాలి.

ఆర్షియా


జమ్మలమడుగు,
9 సెప్టెంబరు 2024

ఆర్షియాకు దువా.

మీ అబ్బాకు చదవడం వచ్చు, అర్థం చేసుకోవడమే రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. నేను మానిపించమన్నది మగ్గాన్ని. ఆ సంగతి మళ్ళీ రాశాను. దానికి వాడు మొయిన్‌తో ఏమని చెప్పి పంపాడో తెలుసా? "అక్క ఒకతూరి ఒక మాట, ఇంకోతూరి ఇంకో మాట చెప్తాండాది. ఆపరేషన్ గొంతుకు చేసినారా, బుర్రకు చేసినారా?" అన్నాడు. వాడికి పలక మీద అక్షరాలు దిద్దించింది నేను. ఆ పలకతోనే ఒక్కటి వేయాల్సింది.

నా రెండు పరీక్షనాళికల మీద నువ్వు వేసిన వెక్కిరింత బాగుంది. నిజం కూడా. అందులో ఒకటి అంచు పగిలింది. నీ కలరీమీటరుకు నా సలాం చెప్పు. ఏ నీళ్ళు పోస్తే ఆ అంకె చూపించే యంత్రం అది. ఏ నీళ్ళు పోయాలో తేల్చుకోవలసింది మనిషి.

కాగితం సంగతి మళ్ళీ అడగను. ఒకసారి అడిగిన దాన్ని రెండోసారి అడగడం పిల్లల దగ్గరే చేశాను, ఎమ్మెస్సీ వాళ్ళ దగ్గర చేయను.

మెహబూబున్నీసా


ప్రొద్దుటూరు,
20 అక్టోబరు 2024

ఫుప్పూకు సలాం.

మగ్గం అనే రాయాలనుకున్నావని ఇప్పుడంటున్నావు. అనుకుంటే ఆ మాటే రాసి ఉండేదానివి. రెండక్షరాల మాటే కదా. నేను నమ్మను. ఇంట్లో ఆ చీటీ ఇంకా ఖురాన్ పెట్టిన అలమర పక్క మేకుకు గుచ్చే ఉంది.

ఈ ఉత్తరం రాసేది వేరే పని మీద. నీ నోరు మూయించాలని (గొంతు సంగతి కాదు, నన్ను తప్పు పట్టకు) బొగ్గు వేయకుండా రంగునీళ్ళను కాగితంలో పోశాను. కింద దిగిన నీళ్ళను కలరీమీటరులో పెట్టాను. ముప్పై నాలుగు పాళ్ళ రంగు లేదు. యంత్రం తప్పనుకుని మళ్ళీ చేశాను. ముప్పై మూడు. మళ్ళీ చేశాను. ముప్పై ఐదు. కాగితాన్ని కడిగి వెలుగుకు పట్టుకుంటే, పెళ్ళికి కట్టే చీరలా నీలంగా మెరుస్తోంది.

అంటే నా బొగ్గు మీద పడిన మెప్పులో మూడో వంతు ఆ కాగితానిది.

తర్వాత కాగితమే వాడలేదు. బొగ్గు కలిపిన నీళ్ళను కదపకుండా మరునాటి వరకు ఉంచి, అడుగున బొగ్గు పేరుకున్నాక పైన తేటను పిపెట్టుతో తీసి కొలిచాను. రోజుకు మూడు గంటలే కాబట్టి పన్నెండు రోజులు పట్టింది. అరవై, అరవై మూడు, అరవై ఒకటి. ఇదీ నా చీనీ తొక్కల అసలు మొహం.

సార్‌కు చూపించాను. పేజీ కూడా పూర్తిగా చూడలేదు. "ఇంగ దాన్ని యాడికి లాగుతావు పాపా? మనం పంపింది పంపినాము, సెమినారోళ్ళు అచ్చు గూడా ఏసినారు. రంగు కాగితం తాగితే ఏంది, బొగ్గు తాగితే ఏంది? నీళ్ళు తెల్లగైనాయా లేదా?" అన్నారు. డాక్టరేటు ఉన్న మనిషి ఫుప్పూ! "అయితే బొగ్గు ఎందుకు సార్, కాగితాలే అమ్ముకుందాం" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అపర్ణను పిలిచి బొమ్మలు గీయమన్నారు. అది ఎంచక్కా తొంభై ఆరుకు రంగులు వేస్తూ కూర్చుంది.

నన్నేం చేయమంటావని నేను నిన్ను అడగడం లేదు. నేనేం చేయాలో నాకు తెలుసు.

ఆర్షియా


జమ్మలమడుగు,
25 నవంబరు 2024

ఆర్షియాకు,

నిన్నటి పేపరు ముక్క రమణమ్మ తెచ్చి ఇచ్చింది. "మీ మేనకోడలి ఫొటో పడిండాది మేడమ్" అని మురిసిపోతూ తెచ్చింది. "చీనీ తొక్కలతో తొంభై ఆరు శాతం రంగు మాయం. పులివెందుల సెమినారులో ప్రొద్దుటూరు విద్యార్థిని ఆర్షియా పత్రం." ఫొటోలో మీ సార్ నవ్వుతున్నాడు. నువ్వు మైకు ముందు నిలబడి ఉన్నావు.

నెల కిందట అరవై ఒకటి అని నాకు రాసిన చెయ్యి ఇదేనా? పన్నెండు రోజులు తేట తీసిన పిల్లవు నువ్వేనా? తెలియక చేసి ఉంటే నీకు కాగితం గురించి ఇంకో పాఠం చెప్పేదాన్ని. తెలిసి చేశావు. మీ క్లాసులో ఇరవై మందిని సిరాకు కూడా పనికిరారని రాశావే, వాళ్ళు నీకంటే మేలు. ఏది నిజమో తెలుసుకోకుండా కాపీ కొట్టారు. నువ్వు తెలుసుకుని మరీ కొట్టావు.

నేనేం చేయాలో నాకు తెలుసు అన్నావు. చేశావు. పేరు వచ్చింది, ఫొటో వచ్చింది. దాన్ని మీ అబ్బా అంగడిలో తగిలించుకో. గుడ్డి నెమళ్ళ పక్కన బాగుంటుంది.

నాకు ఇంక రాయవద్దు.

మెహబూబున్నీసా


జమ్మలమడుగు,
19 జనవరి 2025

ఆర్షియాకు దువా.

రెండు నెలలు నువ్వు రాయలేదు. నేనే వద్దన్నాను కాబట్టి అది నీ మొండితనం కాదు, విధేయత అనుకోవాలి. నీలో ఆ గుణం ఇప్పుడే చూస్తున్నాను.

నిన్న మొయిన్ వచ్చాడు. ఆ రోజు సెమినారుకు రసం సప్లై చేసింది వాడేనట. గ్లాసులు మోస్తూ వెనక నిలబడి అంతా చూశాడట. వాడి మాటల్లోనే రాస్తాను.

"ఖాలా, ఆర్షియా స్టేజీ ఎక్కింది. గోడమీద తెర ఉండాది గదా, దాంట్లో తొంభై ఆరు అని ఇంత లావు పడింది. ఆ పిల్ల దాన్ని చూపిచ్చి, 'ఈ అంకె తప్పు. ఇందులో మూడో వంతు వడపోత కాగితం తాగింది. అసలుది అరవై ఒకటి' అనింది. హాల్లో ఉండేవాళ్ళు ఒకరి మొగం ఒకరు సూసుకున్నారు. వాళ్ళ సారు లేసి, 'పాపకు కంగారుగా ఉండాది, మైకు ముందు తడబడతాంది' అన్యాడు. 'నేను తడబడలేదు సార్' అనింది ఖాలా! అంతే, టైం అయిపోయిందని మైకు తీసేసినారు. పేపరోళ్ళు అప్పటికే రసం తాగి, ముందే ఇచ్చిన కాగితం తీస్కొని పోయినారు."

నువ్వు ఎందుకు రాయలేదు అని అడగను. నన్ను నేనే అడిగాను, ఒక పేపరు ముక్క చూసి అంత తొందరగా ఎలా నమ్మాను అని. జవాబు దొరికింది. చెప్పడానికి బాగుండదు, అందుకే రాస్తున్నాను.

నేనైతే అదే చేసేదాన్ని. చేశాను కూడా.

నేను పనిచేసిన చోట సిల్వర్ నైట్రేట్ పదకొండేళ్ళపాటు లేదు. తెప్పించమని రెండుసార్లు అడిగి మానేశాను. కానీ ప్రతి ఏడూ ప్రతి పిల్లవాడి రికార్డులో "సిల్వర్ నైట్రేట్ కలపగా తెల్లటి అవక్షేపం ఏర్పడెను" అని ఉండేది. నేనే బోర్డు మీద రాశాను, వాళ్ళు ఎక్కించుకున్నారు, కింద నేను సంతకం పెట్టాను. ఒక ఏడు ఒక పిల్ల లేచి, "మేము సూడలేదు గదా టీచర్, తెల్లగుంటాదని ఎట్ల రాసేది?" అని అడిగింది. అందరి ముందూ దాన్ని ఏడిపించాను. ఆ పిల్ల పేరు కూడా గుర్తు లేదు నాకు. గుర్తు లేకపోవడమే ఇప్పుడు గుచ్చుతోంది. ఇన్నేళ్ళు మీ సార్ల మీద, మీ క్లాసు మీద, ఊరి మీద నేను ఉమ్మిన ఉమ్మంతా ఎవరి మొహం మీద పడాల్సిందో నాకు తెలియక కాదు.

నవంబరులో రాసినదానికి నన్ను క్షమించు. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ రాయలేదు, అక్షరాలు వంకరగా వచ్చాయి.

మెహబూబ్ ఫుప్పూ


ప్రొద్దుటూరు,
8 జూన్ 2025

మెహబూబ్ ఫుప్పూకు సలాం.

నీ జనవరి ఉత్తరానికి జూన్‌లో జవాబు. కోపంతో ఆలస్యం చేశాననుకోకు, కోపానికి కూడా ఖాళీ దొరకలేదు. నీ క్షమాపణ ఐదుసార్లు చదివాను. నీ తిట్లంత బాగా లేదు. నువ్వు తిట్టేటప్పుడు చెయ్యి తిరిగిన మనిషివి, దీనికి ఇంకా కొత్త.

సెమినారు మరునాడే సార్ ల్యాబు తాళం తీసుకున్నారు. ప్రాజెక్టు అపర్ణకు ఇచ్చారు. హాజరు తక్కువని నోటీసు కూడా ఇంటికి పంపారు. అబ్బా కాలేజీకి వచ్చి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"మా పాప ఏం తప్పు చేసింది సార్?"

"తప్పు చేయలేదు అజ్మతుల్లా. చెప్పకూడని చోట చెప్పింది."

"అబద్ధం చెప్పిందా?"

సార్ కాగితాలు సర్దుకున్నారు. అబ్బా కట్టుకున్న చేతులు విప్పేశాడు. బయటికొచ్చి బండి ఎక్కుతూ, "ఇంత సదువుకున్నాయన దగ్గర అవును అనో కాదు అనో ఒక మాట లేదు" అన్నాడు. ఆ వారంలోనే వేరే మేడమ్ కింద చేర్చుకోమని దరఖాస్తు పెట్టించాడు. మగ్గం దగ్గర నా చోట ఇంకొకామెను కూర్చోబెట్టాడు. నీ చీటీని మేకు నుంచి తీసి, మళ్ళీ చదివి, "అక్క మనసులో ఉండింది మగ్గమే, ఆ మాటే రాసిండాల్సింది" అని గొణిగాడు. నిన్ను నమ్మనందుకు నన్ను కూడా క్షమించు.

కొత్త మేడమ్‌కు ల్యాబులో ఒక బల్ల తప్ప ఏమీ లేదు. మిగిలిన నాలుగు నెలల్లో అరవై ఒకటి ఎందుకు అరవై ఒకటయిందో చూశాను. బొగ్గును ఎక్కువ కడిగితే ఎంత, తక్కువ కడిగితే ఎంత, నీళ్ళు వేడెక్కితే ఎంత. చివరికి అరవై ఎనిమిది దాకా వచ్చింది. అంతకు మించి ఆ తొక్కలకు చేతకాదు. వైవాకు వచ్చిన పెద్దమనిషి నా రిపోర్టులో ఆఖరి అంకె ఒక్కటే చూసి, "శానా తక్కువ వచ్చిండాదే మా, పక్కమ్మాయికి తొంభై ఆరంట" అన్నాడు. ఎందుకో చెప్పబోతే భోజనాలు ఎక్కడ అని అడిగాడు. క్లాసులో నాకు పదిహేడో స్థానం. క్వాంటం పాసయ్యాను, అల్లా దయ, గోడ మీది నోట్సు దయ.

పోయిన వారం ఫణికుమార్ సార్ వ్యాసం ఎక్కడో జర్నల్‌లో అచ్చయింది. క్లాసు గ్రూపులో పెట్టారు. అంగడి పక్క జిరాక్సులో ప్రింటు తీయించి తెచ్చాను. తొంభై ఆరు పాయింటు నాలుగు అట ఇప్పుడు. అబద్ధానికి దశాంశం కూడా మొలిచింది. మొదటి పేరు ఆయనది, రెండో పేరు అపర్ణది. మూడో పేరు ఎవరిదో, ఎప్పుడూ ల్యాబులో చూడలేదు. నా పేరు ఎక్కడైనా ఉందేమో అని పైనుంచి కింది దాకా మూడుసార్లు వెతికాను. చివర్న కృతజ్ఞతల్లో కూడా వెతికాను. లేదు. పరీక్ష పాసైనప్పుడు కూడా నాకు ఇంత హాయిగా ఊపిరి ఆడలేదు.

అబ్బాకు ఇంగ్లీషు కూడబలుక్కోవడం వచ్చు కదా. పేర్ల వరుస మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. "నీ పేరు యాడుంది బేటీ?"

"లేదు అబ్బా."

"యాడా లేదా?"

"యాడా లేదు."

కాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అంగడి ముందు ఒకామె గాజుపూసలు కొనడానికి నిలబడి ఉంది. అబ్బా ఆ మొదటి పేజీని నింపాదిగా పొట్లం చుట్టి, పూసలు పోసి, మూతి మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"రెండో పేజీ గూడా ఇట్లియ్యి" అన్నాడు నాతో. "కాగితం మందంగా ఉండాది, పూసలు కారవు."

ఆర్షియా